గురక పెట్టే పిల్లాడు హాయిగా నిద్రపోతున్నట్టు కాదు



మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, కుల ధ్రువపత్రాలు, నోటిఫికేషన్లు, భూమి గొడవలు రాసుకుంటాం. నేను ఈసారి పిల్లల నిద్ర గురించి రాస్తున్నా. పోస్టు పెద్దదే. అయినా హాస్టల్లో చిన్నపిల్లలతో కలిసి ఉండేవాళ్ళు, ఇంట్లో పదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు చివరిదాకా చదవాలని కోరుతున్నా.

నేను ఉయ్యూరులో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నా. జువాలజీ. మాది దివిసీమ, నాగాయలంక వైపు. యానాదులం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నేను డాక్టర్ని కాదు, కాబట్టి ఇందులో మందుల పేర్లు, డోసులు ఉండవు. మా అక్క కొడుకు విషయంలో ఏడాదిగా ఆసుపత్రి చుట్టూ తిరిగి చూసింది, డాక్టర్లని అడిగి తెలుసుకుంది, దాని మీద చదివి అర్థం చేసుకుంది రాస్తున్నా.

ముందుగా చెప్పాల్సింది ఒకటే. పిల్లాడు వారంలో మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో గురక పెడుతుంటే, జలుబు లేనప్పుడు కూడా పెడుతుంటే, దాన్ని "మంచి నిద్ర" అని వదిలేయకూడదు. అలాంటి పిల్లలందరికీ జబ్బు ఉంటదని కాదు. కానీ వాళ్ళలో కొందరికి రాత్రంతా గొంతులో గాలి దారి మూసుకుపోతా, తెరుచుకుంటా ఉంటది. దీన్ని ఇంగ్లీషులో అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. ఆప్నియా అంటే శ్వాస ఆగడం. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశీలనల ప్రకారం 100 మంది పిల్లల్లో సుమారు 1 నుంచి 5 మందికి ఇది ఉంటుంది. అంటే 100 మంది పిల్లలున్న హాస్టల్లో ఒకరిద్దరు ఉండే అవకాశం ఉందన్నమాట. వాళ్ళెవరో పగలు చూస్తే తెలియదు.

మనోళ్ళలో గురక అంటే నవ్వులాట. "గుర్రు కొట్టి నిద్రపోతన్నాడు, కడుపు నిండింది" అంటారు పెద్దోళ్ళు. హాస్టల్లో అయితే కుంభకర్ణుడని పేరు పెట్టేస్తారు. అదే పిల్లాడు పొద్దున క్లాసులో కుదురుగా కూర్చోకపోతే అల్లరోడంటారు, చెప్పింది గుర్తుపెట్టుకోకపోతే మొద్దంటారు. మన పిల్లల మీద ఆ మొద్దు అనే ముద్ర ఎంత తేలిగ్గా పడుద్దో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. "వీళ్ళకి చదువు అబ్బదు" అనే మాట మనం పుట్టకముందే సిద్ధంగా ఉంటది. అందుకే ఈ జబ్బు గురించి వేరేవాళ్ళకంటే మనకి ఎక్కువ తెలియాలి అనుకుంటున్నా.

మా చిన్నోడి సంగతి

మా బావ రొయ్యల చెరువు కాపలా. అక్క, బావ, పిల్లలు చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఉంటారు. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి. ఆ మోతలో పక్కన మనిషి మాట్లాడినా గట్టిగా అరిస్తేనే వినిపిస్తది. చిన్నోడికి అప్పుడు ఆరేళ్ళు, ఒకటో తరగతి. సన్నగా ఉంటాడు. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటాడు. ముక్కుతో మాట్లాడినట్టు ఉంటది మాట. నాలుగేళ్ళకి పక్క తడపడం మానేసినవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. బడిలో సారు "వీడు ఒక్క నిమిషం కూర్చోడమ్మా, పక్కోణ్ణి కూర్చోనివ్వడు" అని అక్కకి రెండుసార్లు చెప్పాడు. మాటిమాటికీ జలుబు, గొంతు నొప్పి. ఊళ్ళో ఆరెంపీ సిరప్ ఇచ్చేవాడు, నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇవన్నీ వేరు వేరు సంగతులుగానే ఉన్నాయి మా ఇంట్లో. పక్క తడుపుతున్నాడంటే మంత్రం వేయించారు. అల్లరంటే దెబ్బలు పడ్డాయి.

చెరువు పట్టుబడి అయ్యాక మోటార్లు ఆపేశారు. ఏరియేటర్ల మోత లేని రాత్రి అక్కకి మొదటిసారి వాడి శ్వాస సరిగ్గా వినపడింది. నాకు ఫోన్ చేసింది.

"ఒరే, వీడు ఊపిరి ఆపేస్తన్నాడురా. నేను లెక్కపెట్టా. ఏడు అంకెలు అయ్యేదాకా తీసుకోలేదు."

"ఎన్నిసార్లక్కా?"

"రాత్రంతా అంతే. గుర్రు పెడతాడు, ఒక్కసారిగా సద్దు ఆగిపోద్ది, మళ్ళీ ఉలిక్కిపడి గట్టిగా లాగుతాడు. నాకు నిద్ర పట్టట్లా."

"టార్చి వెయ్యి, చొక్కా తీసి ఛాతీ కనపడేటట్టు వీడియో తియ్యి. రెండు నిమిషాలు చాలు."

ఆ వీడియో చూస్తే వాడు తల వెనక్కి వంచి, మెడ చాపి పడుకున్నాడు. గురక ఆగిపోయిన చోట శ్వాస ఆగలేదు, అంటే వాడి ఒళ్ళు ప్రయత్నం మానలేదు. పొట్ట పైకి లేస్తోంది, ఛాతీ లోపలికి పోతోంది, గొంతు కింద గుంట పడుతోంది, కానీ గాలి మాత్రం పోవట్లేదు. ఎనిమిది, తొమ్మిది సెకన్ల తర్వాత పెద్దగా ఒక శబ్దం, పక్కకి దొర్లడం, మళ్ళీ గురక. ఇంట్లో మిగతావాళ్ళు "గురక ఆగింది, నెమ్మదించాడు" అనుకునే నిశ్శబ్దం అదే. ఆ నిశ్శబ్దంలోనే దారి పూర్తిగా మూసుకుపోయి ఉంది.

గొంతులో ఏం జరుగుద్ది

పొలాల్లో ఇంజన్ పెట్టి కాలవ నుంచి నీళ్ళు తోడటం అందరం చూసిందే. కాలవలో వేసే సక్షన్ పైపు గట్టిగా, రింగులు రింగులుగా ఉంటది. అవతల పొలంలోకి నీళ్ళు వదిలే డెలివరీ పైపు బట్టలాగా మెత్తగా ఉంటది, నీళ్ళు లేకపోతే చాపలా చదునుగా పడి ఉంటది. ఆ మెత్తటి పైపుని సక్షన్ వైపు పెడితే ఏమైద్ది? ఇంజన్ లాగే కొద్దీ పైపు గోడలు లోపలికి అతుక్కుపోతాయి, చుక్క నీరు రాదు. నెట్టే పనికి మెత్తటి పైపు సరిపోద్ది. లాగే పనికి గట్టి పైపు కావాలి.

మన శ్వాస లాగే పనే. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం కిందికి దిగితే లోపల పీడనం తగ్గి గాలి లోపలికి వస్తది. ఛాతీలో ఉండే శ్వాసనాళానికి మృదులాస్థి రింగులు ఉంటాయి, సక్షన్ పైపులాగా. కానీ దానికి పైన, ముక్కు వెనక నుంచి నాలుక వెనక దాకా ఉండే గొంతు భాగానికి అలాంటి రింగులు లేవు. అది తినడానికి, మాట్లాడటానికి, మింగడానికి కూడా వాడే దారి కాబట్టి కదలాలి, అందుకే మెత్తగా ఉంటది. అంటే సక్షన్ లైన్లో మధ్యలో ఒక ముక్క మెత్తటి పైపు ఉందన్నమాట. దాన్ని తెరిచి పట్టుకునేవి చుట్టూ ఉండే కండరాలు. మెలకువగా ఉన్నప్పుడు మెదడు వాటిని బిగించి ఉంచుద్ది. నిద్రలో ఆ బిగువు తగ్గిద్ది. కలలు వచ్చే నిద్రలో, దాన్ని రెమ్ నిద్ర అంటారు, ఇంకా బాగా తగ్గిద్ది. పిల్లల్లో శ్వాస ఎక్కువగా ఆగేది ఆ నిద్రలోనే. రెమ్ నిద్ర తెల్లవారుజాము వైపు ఎక్కువ ఉంటది కాబట్టి, రాత్రి పది గంటలకి చూసి "బానే ఉన్నాడు" అనుకుంటే సరిపోదు. మూడు, నాలుగు గంటలకి చూడాలి.

మరి అందరి కండరాలూ నిద్రలో వదులవుతాయి కదా, అందరికీ ఎందుకు మూసుకోదు? దారి వెడల్పుగా ఉంటే కొంచెం వదులైనా గాలి ఆడుద్ది. దారి ముందే ఇరుకుగా ఉంటే మెదడు ఇంకా గట్టిగా లాగమంటది. గట్టిగా లాగే కొద్దీ మెత్తటి గోడలు ఇంకా లోపలికి వస్తాయి. ఇరుకు ఎంత నష్టం చేస్తదో ఫిజిక్సులో ఒక లెక్క ఉంది. గాలి సాఫీగా పోయే గొట్టం వ్యాసార్థం సగమైతే అడ్డు రెండింతలు కాదు, 16 రెట్లు అవుద్ది. 8 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూరా ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే అడ్డు 3 రెట్లు పెరిగిద్ది. అదే వాపు 4 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే 16 రెట్లు. చిన్నపిల్లలకి చిన్న వాపు కూడా పెద్ద సంగతి అవడానికి కారణం ఇదే.

పిల్లల్లో ఆ దారిని ఇరుకు చేసేవి ఎక్కువగా రెండు. ఒకటి టాన్సిల్స్, నోరు తెరిస్తే కొండనాలుకకి రెండు పక్కలా కనిపించే గడ్డలు. రెండోది అడినాయిడ్, ముక్కు వెనక, అంగిలి పైన ఉంటది, నోరు తెరిచి చూసినా కనపడదు. రెండూ చెడ్డవి కావు. నోటి నుంచి, ముక్కు నుంచి వచ్చే సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టి ఒంటికి పోరాటం నేర్పే కణజాలం అది. రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఎముకలు ఎదిగే వేగం కంటే ఇవి పెరిగే వేగం ఎక్కువ, కాబట్టి గాలి దారిలో వాటి వాటా పెద్దదైపోద్ది. ఈ జబ్బు ఆ వయసులోనే ఎక్కువగా కనపడటానికి అదే కారణం. మాటిమాటికీ జలుబులు, ముక్కు అలర్జీ ఉంటే ఇంకా వాస్తాయి. ఇంట్లో చుట్ట, బీడీ పొగ పిల్లల గురకని పెంచుద్దని పరిశీలనల్లో తేలింది. ఒక్క గది ఇంట్లో తాత చుట్ట, కట్టెల పొయ్యి, మస్కిటో కాయిల్ మూడూ ఒకే గాల్లో కలుస్తాయి. ఆ గది మన ఇల్లే. పొగ బయటికి పోయే దారి చేయడం, చుట్ట బయట కాల్చుకోమనడం మన చేతిలో పని.

ప్రతి ఉలికిపాటూ ఒక మెలకువే

దారి మూసుకుపోతే పిల్లాడు ఎందుకు చచ్చిపోడు అని మా అమ్మ భయపడుతూ అడిగింది. మెదడు కాపలా కాస్తది. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, కార్బన్ డయాక్సైడ్ పెరగడం, ఛాతీ గట్టిగా లాగడం ఇవన్నీ మెదడుకి తెలుస్తాయి. వెంటనే నిద్రని కొంచెం తేలిక చేసి గొంతు కండరాల్ని బిగిస్తది. దారి తెరుచుకుంటది. పిల్లాడికి ఇదేమీ గుర్తుండదు. కానీ రాత్రంతా ఇలా లేపుతా ఉంటే ఆ నిద్ర నిద్రలా ఉండదు. బస్టాండ్లో సంచి తల కింద పెట్టుకుని పడుకున్నవాడి నిద్రలా ఉంటది. పొద్దున లేచేసరికి తలనొప్పి, చిరాకు.

పెద్దోళ్ళకి ఈ జబ్బు ఉంటే పగలు తూగుతారు. పిల్లలు చాలామంది తూగరు. నిద్ర చాలని పిల్లాడు గంతులేస్తాడు, ఏడుస్తాడు, కొడతాడు, ఒక్కచోట కూర్చోడు, చెప్పింది మనసులో నిలవదు. సారుకి కనపడేది అల్లరి. పక్క తడపడం కూడా దీనితో ముడిపడి ఉండొచ్చు. మూసుకున్న దారికి ఎదురుగా ఛాతీ లాగేటప్పుడు గుండె మీద పడే ఒత్తిడికి ఒక హార్మోన్ విడుదలై మూత్రం ఎక్కువ తయారవుద్దని ఒక వివరణ. శ్వాసకే రాత్రంతా శక్తి ఖర్చవుతుంటే, ఎదుగుదల హార్మోన్ సరిగా అందకపోతే కొందరు పిల్లలు సన్నగా ఉండిపోతారు. మరీ ముదిరి ఏళ్ళ తరబడి వదిలేస్తే రక్తపోటు, గుండె కుడి భాగం మీద భారం దాకా పోవచ్చు. పక్క తడిపే పిల్లలందరికీ, అల్లరి పిల్లలందరికీ ఈ జబ్బు ఉందని మాత్రం అనుకోవద్దు. వీటితో పాటు గురక కూడా ఉంటే చూపించాలి.

వేరే కారణాలు, ముఖ్యంగా సికిల్ సెల్

అన్నిటికీ టాన్సిల్సే కారణం కాదు. లావుగా ఉన్న పిల్లల్లో మెడ చుట్టూ కొవ్వు దారిని నొక్కుద్ది. దవడ చిన్నగా, వెనక్కి ఉండి పుట్టిన పిల్లల్లో నాలుక వెనక్కి జారుద్ది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కండరాల బిగువు తక్కువ, ముఖం మధ్య భాగం చిన్నది, కాబట్టి వాళ్ళకి ఇది చాలా ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీ లాంటి కండరాల ఇబ్బంది ఉన్నవాళ్ళకి కూడా వస్తది.

పాడేరు, అరకు, సీతంపేట, రంపచోడవరం వైపు అన్నలు ఇది జాగ్రత్తగా చదవండి. సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లల్లో ఈ నిద్ర జబ్బు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువగా కనపడుతోంది. సికిల్ సెల్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ తగ్గితే గట్టిపడి ఎర్ర కణాన్ని కొడవలిలా వంచుద్ది. ఆ కణాలు రక్తనాళాల్లో ఇరుక్కుంటే నొప్పులు, ఇంకా పెద్ద ప్రమాదాలు. రాత్రి గొంతు మూసుకుపోవడం అంటే ప్రతి రాత్రి ఆక్సిజన్ తగ్గడమే. కాబట్టి సికిల్ సెల్ ఉన్న పిల్లాడు గురక పెడితే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పాలి. ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే ముందు సికిల్ సెల్ సంగతి తప్పనిసరిగా చెప్పాలి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్రం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి జబ్బుని నిర్మూలించడం దాని లక్ష్యం. పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్నవాళ్ళు దాన్ని దాచిపెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ చూపించండి.

కొత్త జబ్బేం కాదు

సెల్‌ఫోన్ల వల్ల వచ్చిన కొత్త రోగం అని ఒకాయన నాతో అన్నాడు. కాదు. 1868లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో విల్హెల్మ్ మేయర్ అనే డాక్టరు ముక్కు వెనక అడినాయిడ్ పెరుగుదలని వివరించాడు. 1889లో విలియం హిల్ అనే ఆయన బ్రిటిష్ వైద్య పత్రికలో పిల్లల వెనకబాటుతనానికి, మొద్దుతనానికి కొన్ని కారణాలంటూ ఒక వ్యాసం రాశాడు. మొద్దులని పేరుపడ్డ పిల్లల్లో కొందరికి ముక్కు, గొంతు దారి మూసుకుని ఉండటం, రాత్రి సరిగా నిద్ర లేకపోవడం ఆయన గమనించాడు. అంటే 130 ఏళ్ళకి ముందే ఒక డాక్టరు మొద్దు అన్న మాట దగ్గర ఆగకుండా గొంతులోకి చూశాడు. తర్వాత 1976లో క్రిస్టియన్ గిల్మినో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో, ఎనిమిది మంది పిల్లల్ని రాత్రంతా యంత్రాలతో పరీక్షించి ఈ జబ్బుని ఇప్పటి రూపంలో నమోదు చేశాడు. అప్పటిదాకా ఇది లావుపాటి పెద్దోళ్ళ జబ్బనే అనుకునేవాళ్ళు. మా చిన్నోడు పుల్లలా ఉంటాడు.

పరీక్ష, ఆపరేషన్

వీడియో వచ్చిన వారానికి అక్క, బావ పిల్లాణ్ణి తీసుకుని బయల్దేరారు. ఉయ్యూరులో నేనూ బస్సెక్కి విజయవాడ గవర్నమెంటు ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి వెళ్ళాం. డాక్టరమ్మ వీడియో రెండుసార్లు చూసింది. నోరు తెరిపించి చూసింది. రెండు టాన్సిల్స్ మధ్యలో దాదాపు తగులుకుంటున్నాయి. మెడ పక్కనుంచి ఎక్స్‌రే తీయించింది. ముక్కు వెనక నల్లగా వెడల్పుగా కనపడాల్సిన గాలి దారి దారంలా కనపడింది. అక్క అది చూసి ఏమీ మాట్లాడలేదు. పిల్లాడి తల నిమురుతా కూర్చుంది.

అసలైన పరీక్ష రాత్రంతా నిద్రలో చేసే పాలిసోమ్నోగ్రఫీ. మెదడు తరంగాలు, గాలి ప్రవాహం, ఛాతీ కదలిక, ఆక్సిజన్ అన్నీ రాస్తది. పెద్దోళ్ళలో పది సెకన్లు ఆగితేనే ఆప్నియా అని లెక్క. పిల్లల్లో రెండు శ్వాసలు తప్పినంతసేపు ఆగినా లెక్కే. గంటకి 5 సార్ల లోపు పెద్దోళ్ళకి మామూలు కింద పోతుంది, పిల్లల్లో గంటకి 1 దాటితేనే చూడాలి. ఆ పరీక్ష అన్ని చోట్లా దొరకదు. మా వాడికి లక్షణాలు, పరీక్ష, ఎక్స్‌రే చూసి డాక్టర్లు నిర్ణయం తీసుకున్నారు.

తేలికగా ఉన్నవాళ్ళకి కొన్ని నెలలు ముక్కులో కొట్టే మందు ఇచ్చి చూస్తారు. లావు ఉంటే బరువు తగ్గించమంటారు. ఆపరేషన్ కుదరనివాళ్ళకి, ఆపరేషన్ తర్వాత కూడా మిగిలినవాళ్ళకి మాస్కుతో గాలి నెట్టే సీపాప్ యంత్రం ఉంది. టాన్సిల్స్, అడినాయిడ్ బాగా పెరిగిన పిల్లలకి వాటిని తీసేయడమే ముఖ్యమైన చికిత్స.

ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది. బావ వాళ్ళమ్మ "గొంతు కోయిస్తారా, మాట పోద్ది" అని ఏడ్చింది. బావకి పని పోద్దని భయం. కాపలా మనిషి నాలుగు రోజులు లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. టాన్సిల్స్ తీస్తే రోగాలొస్తాయని ఎవరో చెప్పారు. నేను డాక్టరమ్మని అడిగా. ఆ పని చేసే కణజాలం గొంతులో, ఒంట్లో ఇంకా చాలా చోట్ల ఉంటది, తీసేసినా మిగతావి పని చేస్తాయి అంది. రక్తస్రావం భయం ఉంటది, అది అరుదు, కానీ రెండు వారాలు గమనించాలి, రక్తం కనపడితే అర్ధరాత్రైనా తీసుకురావాలి అని కూడా చెప్పింది. భయపడొద్దు అని ఊరుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్లే అక్క ఒప్పుకుంది. బావ బదులు చెరువు కాపలాకి మా నాన్న వెళ్ళాడు.

ఆపరేషన్ అయింది. పది రోజులు మింగడానికి ఏడ్చాడు. ఒక జాగ్రత్త అందరికీ చెప్పాలి. ఈ ఆపరేషన్ అయిన పిల్లలకి నొప్పికని కోడీన్ ఉన్న మందులు ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో గట్టి హెచ్చరిక జారీ చేసింది, కొందరు పిల్లల్లో అది శ్వాసని ఆపేస్తది కాబట్టి. ఊళ్ళో మెడికల్ షాపులో అడిగి దగ్గు సిరప్, నిద్ర సిరప్ పోయొద్దు. డాక్టరు రాసినవే వాడాలి.

ఆ నెల చివర అక్క ఫోన్లో చెప్పిన మాట: "వీడికి ఊపిరి ఉందో లేదో అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారా. సద్దు లేకుండా పడుకున్నాడు." పక్క తడపడం తగ్గింది. బరువు కొంచెం పెరిగాడు. క్లాసులో ఇంకా అల్లరి చేస్తూనే ఉన్నాడు, మొదటి ర్యాంకు ఏమీ రాలేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఆపరేషన్ చేయిస్తే పిల్లాడు కలెక్టర్ అవుతాడని ఎవరైనా అనుకుంటారు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందితో చేసి 2013లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. ఏడు నెలల తర్వాత ఆపరేషన్ చేయించిన పిల్లల్లో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలు స్థాయికి వచ్చింది. గమనిస్తూ ఆగిన పిల్లల్లో కూడా 46 శాతం మందికి వచ్చింది. ప్రవర్తన, నిద్ర, రోజువారీ జీవితం ఆపరేషన్ అయినవాళ్ళలో బాగా మెరుగైంది. ఏకాగ్రత పరీక్షలో మాత్రం రెండు గుంపులకీ పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఆపరేషనా, ఆగి చూడటమా అన్నది పిల్లాణ్ణి బట్టి డాక్టరు చెప్పాలి. అసలు డాక్టరు దాకా తీసుకెళ్ళకపోతే ఆ రెండు దారులూ ఉండవు.

హాస్టల్లో ఉన్న మనం

ఈ జబ్బు రాత్రి మాత్రమే కనపడుద్ది. ఇంట్లో అయితే పక్కన అమ్మ ఉంటది. మన పిల్లలు మూడో తరగతి నుంచే ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో పడుకుంటారు. వార్డెన్ సారు ఆయన గదిలో ఉంటారు. అమ్మానాన్న సెలవుల్లో నాలుగు రోజులు చూస్తారు. ఆ పిల్లాడి శ్వాస వినేది పక్క చాప మీద పడుకున్నవాడు. అంటే మనం, మన తమ్ముళ్ళు. మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు లేరు.

చేయగలిగినవి ఇవి:

ఏ పిల్లాడు గురక పెడతాడో రెండు వారాలు గమనించండి. వారంలో ఎన్ని రాత్రులు, జలుబు లేనప్పుడు కూడానా, మధ్యలో శ్వాస ఆగుతోందా, ఉలిక్కిపడి లాగుతున్నాడా, మెడ వెనక్కి వంచి పడుకుంటున్నాడా, బాగా చెమట పడుతోందా రాసుకోండి.

తెల్లవారుజామున ఛాతీ కనపడేటట్టు ఒకటి రెండు నిమిషాల వీడియో తీయండి. వార్డెనుకి, తల్లిదండ్రులకి చెప్పి తీయండి. డాక్టరుకి చూపించడానికే, నవ్వుకోవడానికి కాదు.

బడికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పండి. 2013లో మొదలైన ఈ కార్యక్రమం 18 ఏళ్ళలోపు పిల్లలకి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆరోగ్య పరీక్షలు చేస్తది. వాళ్ళొచ్చేది పగలు కాబట్టి రాత్రి గురక వాళ్ళకి కనపడదు, మనమే చెప్పాలి. ఏఎన్ఎం అక్కకి, ఆశా అక్కకి కూడా చెప్పొచ్చు. పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్ళి, ఆరోగ్యమిత్ర కౌంటర్లో మన పథకం వర్తిస్తదేమో ముందే అడగండి.

పెదాలు నీలంగా మారితే, శ్వాస చాలాసేపు ఆగితే వెంటనే లేపి కూర్చోబెట్టండి, 108కి ఫోన్ చేయండి. దానికి రెండు వారాలు ఆగొద్దు.

కుంభకర్ణుడని పిలవడం మీ గదిలో ఆపించండి. ఆ పేరు పడ్డ పిల్లాడు గురక సంగతి ఎవరికీ చెప్పుకోడు.

మీ హాస్టల్లోనో ఇంట్లోనో ఇలాంటి పిల్లలుంటే కింద రాయండి. ఏ ఊరు, ఎంత వయసు, ఎన్నాళ్ళుగా అన్నది చాలు. పిల్లల పేర్లు, వీడియోలు గ్రూపులో పెట్టొద్దు, వాళ్ళు పెద్దయ్యాక కూడా అవి ఉండిపోతాయి. విజయవాడ వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఎక్స్‌రే గది ఎటువైపో నాకు ఇప్పుడు బాగా తెలుసు, క్లాసు లేని రోజు తోడు వస్తా.